అవ్వ ఎప్పుడు పుట్టింది? పోలీస్ యాక్షన్, సాగర్ డ్యామ్, ఒక కైకిలి మనిషి జీవితం

నల్లవాగు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మా నాయనమ్మ మీద ఒక చిన్న పుస్తకం రాయాలనుకుంటున్నాను. ఇంట్లోవాళ్ల కోసమే, ఓ యాభై కాపీలు. మేమంతా ఆమెను అవ్వ అంటాం. మాది నాగర్‌కర్నూల్ వైపు, పాత పాలమూరు జిల్లా. అవ్వ బడి ముఖం చూడలేదు. చిన్నప్పటి నుంచి కైకిలి పనే, అంటే కూలి పని. పెళ్లయ్యాక తాత వాళ్ల చెల్లెలి లగ్గం కోసం గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ బాకీ తీర్చడానికి ఇద్దరూ నాగార్జునసాగర్ పనికి పోయారు. ఒక బాకీ తీరేలోపు ఇంకో బాకీ. అలా మా నాన్న, చిన్నాయన ఇద్దరూ డ్యామ్ దగ్గరి గుడిసెల్లోనే పుట్టారు.

నా చిక్కు ఏమిటంటే, అవ్వ బతుకులో ఏది ఏ సంవత్సరమో తెలియదు. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1945 అని ఉంది. అది ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ముఖం చూసి వేసిందే. అవ్వ మాటలేమో దానికి సరిపోవడం లేదు. ఇప్పటిదాకా ఫోన్‌లో రికార్డు చేసిన వాటిలో తేదీకి పనికొస్తాయనిపించినవి ఇక్కడ రాస్తున్నాను, ఆమె అన్నది అన్నట్టే.

"మిలిట్రీ వచ్చినప్పుడు నేను బర్లు కాస్తుంటి. రోడ్డు దిక్కు పోవద్దన్నరు."

"నా పెండ్లికి మా నాయన ఇచ్చిన రూపాయిల మీద చార్మినార్ ఉండె."

"సాగర్ కాడ మొదలు రాళ్లు మోయలే. మట్టి మోసినం. మెట్ల బాయి తవ్విన్రు. ఎంత సక్కటి మెట్లు! నాలుగు దిక్కులా మెట్లే. నీళ్లు మాత్రం పడలే."

"నెహ్రూ సచ్చిన దినం పొద్దు వాలినంక పని బంద్ పెట్టిన్రు. మేస్త్రీ ఆ దినం సగం కూలే కట్టిండు. మీ చిన్నాయన నా సంకల ఉండె, పాలు తాగుతుండె."

"నేను పుట్టిన ఏడే మా చెలక అమ్ముకున్నరని మా అమ్మ అంటుండె."

ఇందులో మెట్ల బావి సంగతి నాకు అసలు అంతుపట్టలేదు. డ్యామ్ కట్టే చోట బావి ఎందుకు తవ్వుతారు? ఇలాంటి పని ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. మామూలు మనిషి జీవితాన్ని, ఆ కాలంలో జరిగిన పెద్ద సంగతులను పక్కపక్కన ఎలా పెట్టాలి?

పాత_పహాణీ

బాబూ, మంచి పని పెట్టుకున్నావు. నేను రెవెన్యూలో ముప్పై మూడేళ్లు చేశాను. నాకు తెలిసిన దారి చెబుతాను.

మిలిట్రీ రావడం అంటే పోలీస్ యాక్షన్, హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం రావడం. 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న నిజాం ప్రకటనతో ముగిసింది. బర్లు కాసే పిల్ల అంటే కనీసం ఎనిమిదేళ్లు, పది దాటి ఉండదు. పది దాటితే ఆ రోజుల్లో నాటుకో కోతకో పంపేవాళ్లు. అంటే పుట్టుక 1938 నుంచి 1940 మధ్య. ఆధార్‌లో ఉన్న 1945 అయితే అప్పటికి ఆమెకు మూడేళ్లు. మూడేళ్ల పిల్లకు బర్లు అప్పగించరు.

చార్మినార్ రూపాయి అంటే హాలి సిక్కా, హైదరాబాద్ సంస్థానం సొంత నాణెం. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. బ్రిటిష్ ఇండియా రూపాయిని మనవైపు కల్దార్ అనేవారు. విలీనం తర్వాత కొన్నేళ్లు రెండూ నడిచి, హాలి మెల్లగా కనుమరుగైంది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేనాటికి పెళ్లిళ్లలో పెద్దగా కనిపించేది కాదు. కాబట్టి పెళ్లి 1950 అటూ ఇటూ.

ఇక ముఖ్యమైనది. "నేను పుట్టిన ఏడే చెలక అమ్మారు" అన్న మాట వదిలిపెట్టకు. చెలక అంటే మెట్ట భూమి, అమ్మకం జరిగితే కాగితం ఉంటుంది. ఆమె పుట్టింటివాళ్ల పెట్టెలో వెతికించు. ఆ కాగితం ఉర్దూలో ఉంటుంది, దాని మీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నిజాం ఇలాకాలో ఫసలీ అక్టోబర్ మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. అందుకని మొదటి మూడు నెలలకు 590, మిగతా తొమ్మిది నెలలకు 591 కలపాలి. పోలీస్ యాక్షన్ నాటికి నడుస్తున్నది 1357 ఫసలీ.

చుక్కల_ముగ్గు

నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. పిల్లలతో ఏటా ఇలాంటి పని చేయిస్తుంటాను, వాళ్ల అమ్మమ్మలను, తాతలను అడిగి రాయమంటాను. నాకు అర్థమైంది ఒకటి చెబుతాను.

"ఏ సంవత్సరం?" అని అడగకండి. అడిగితే పెద్దవాళ్లు భయపడతారు, తప్పు చెబుతామేమో అని ఏదో ఒకటి అనేస్తారు. "అప్పుడు కడుపులో ఎవరున్నారు? చంకలో ఎవరున్నారు? ఏ పంట కోస్తున్నారు? ఏం తింటున్నారు?" అని అడగండి. మీ అవ్వ తనంతట తానే అలా చెప్పింది చూడండి, "మీ చిన్నాయన నా సంకల ఉండె" అని. అది తేదీ కంటే గట్టి సాక్ష్యం.

నెహ్రూ చనిపోయింది 1964 మే 27. మధ్యాహ్నం రెండు గంటలకు పార్లమెంటులో ప్రకటించారు. రేడియోలో వచ్చి, అక్కడి నుంచి పని స్థలానికి తెలిసేసరికి పొద్దు వాలి ఉంటుంది. అవ్వ చెప్పింది అక్షరాలా సరిపోయింది. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పూట ఏ వేళ పని ఆపారో గుర్తుందంటే అది సగం కూలి పోయినందుకే. చరిత్ర ఆమెకు అలా తగిలింది. దాన్ని అలాగే రాయండి.

తంగేడుపూలు

నాదొక అభ్యంతరం ఉంది, చెప్పనా?

అవ్వ కథ రాస్తూ పక్కన నెహ్రూ, పోలీస్ యాక్షన్, ఎమర్జెన్సీ అని పెడితే ఆమె చిన్నదైపోతుంది. చదివేవాళ్ల కళ్లు తెలిసిన పేర్ల మీదకే పోతాయి. మా మేనత్త గురించి మా అన్న అలాగే రాశాడు. పుస్తకంలో సగం మంత్రివర్గాలు, ఉద్యమాలు. మా అత్త ఎలా నవ్వేదో, పొయ్యి దగ్గర ఏం పాడేదో ఒక్క ముక్క లేదు. ఆమె పోయాక ఆ పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చింది, ఆమె అందులో లేదని.

నల్లవాగు

తంగేడుపూలు అక్కా, మీ మాట మనసుకు తగిలింది. కానీ నేను ఎందుకు అలా పెట్టాలనుకుంటున్నానో చెబుతాను.

సాగర్ గురించి ఎక్కడ చదివినా 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదలడం, 26 గేట్లు, నిండితే 590 అడుగులు అని ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య పన్నెండేళ్లు ఉన్నాయి కదా. ఆ పన్నెండేళ్లు రాయి దానంతట అది పైకి పోలేదు. అవ్వ లాంటివాళ్లు మోశారు. ఆమెను ఆ తేదీల పక్కన నిలబెట్టాలని నా తపన.

మీరు చెప్పింది మాత్రం గుర్తుపెట్టుకుంటాను. అవ్వ నవ్వితే ముందు భుజాలు కదులుతాయి, తర్వాత శబ్దం వస్తుంది. అది మొదటి పేజీలోనే రాస్తాను.

తంగేడుపూలు

అది రాస్తే చాలు నాకు. మిగతా విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

మాచర్ల_మేనకోడలు

ఈ చర్చ చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. మాది పల్నాడు. సాగర్ కుడి కాలువ కింద మాకు రెండెకరాలు. మా తాత ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన రోజు బండి కట్టుకుని వెళ్లి చూసి వచ్చాడట. కాలువ రాకముందు మా ఇంట్లో జొన్నన్నమే. వరన్నం పండక్కి, చుట్టాలు వస్తే. కాలువ వచ్చాక మా అమ్మ పుట్టింది. "నేను వరన్నం తిని పెరిగిన మొదటిదాన్ని" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

డ్యామ్ ఎలా కట్టారో తాత మాకు చెప్పేవాడు. కాంక్రీటు కాదు, రాతి కట్టడం. సిమెంటు కొరత, పెద్ద యంత్రాలు కొనడానికి విదేశీ డబ్బు లేదు, చేతులు మాత్రం బోలెడు. అందుకే రాయితో కట్టాలని తేల్చారు. కర్రలతో పరంజా కట్టి, దాని మీద ఏటవాలు దారులు వేసి, వాటి మీద బారులు తీరి మనుషులు నెత్తిన తట్టలతో ఎక్కేవారట. దూరం నుంచి చూస్తే చీమల బారు అనేవాడు తాత. ఆ మాట నేను ఎన్నిసార్లో నవ్వుతూ విన్నాను. ఆ బారులో ఒక మనిషి చంకలో పాలు తాగే పిల్లాడు ఉన్నాడని ఈ రోజే తెలిసింది.

అవ్వకు నా నమస్కారం చెప్పండి.

నల్లవాగు

చెప్పాను అక్కా. ఫోన్‌లో మీరు రాసింది చదివి వినిపించాను. "జొన్నన్నం మంచిదే గదా" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "వాళ్లకు ఇప్పటికీ నీళ్లొస్తున్నయా?" అని. వస్తున్నాయి అన్నాను. సరే అంది.

నా మాట కూడా చెప్పాలి కదా. మా చెలకలకు ఆ కృష్ణ నీళ్లు రాలేదు. నది మా జిల్లా నుంచే పోతుంది. అవ్వ సాగర్ మోసి, తర్వాత శ్రీశైలం మోసి ఇంటికి వచ్చేసరికి మా బావి ఎండిపోయి ఉంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు మా దిక్కు వచ్చేనాటికి ఆమె మోకాళ్లు పోయాయి, చెలక దాకా నడవలేదు. ఇది మీ మీద కోపం కాదు, దయచేసి అలా అనుకోవద్దు.

కృష్ణ_ఒడ్డు

అసలు నీళ్ల వాటాల్లో అన్యాయం చేసింది ఎవరో ముందు తేల్చాలి. 1956లో కలిపినప్పుడే...

నిర్వాహకులు

కృష్ణ_ఒడ్డు గారూ, నీళ్ల వాటాల మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ ఒక పెద్దావిడ జీవితం గురించి మాట్లాడుకుంటున్నారు.

జహీరాబాద్_మనవడు

నల్లవాగు అన్నా, మాది బీదర్ సరిహద్దు. మేం ముస్లింలం, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. మా దాదీ గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

మీ అవ్వకు మిలిట్రీ రావడం అంటే రోడ్డు దిక్కు పోవద్దు అన్న ఒక్క మాట. మా దాదీకి అది అన్నను పోగొట్టుకున్న నెల. ఆ తర్వాతి వారాల్లో బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఏం జరిగిందో చూడటానికి నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపారు. తక్కువలో తక్కువ అంచనా వేసినా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని ఆ నివేదికలో ఉంది. దశాబ్దాల పాటు ఎవరికీ చూపించలేదు. అంతకు ముందు రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన ఘోరాలు కూడా దాదీకి తెలుసు, వాటిని ఎప్పుడూ దాచలేదు. పక్కింటి రెడ్డి గారి వాళ్లు తమను గడ్డివాములో దాచి కాపాడారని కూడా చెప్పేది.

ఆ సంగతిని ఇప్పుడు ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు. దాదీ "పోలీస్ యాక్షన్" అనేది, అంతే. ఆ మాట అన్నాక కొంగు సరిచేసుకుని లేచి వెళ్లిపోయేది. నేను ఎప్పుడూ వెనకాలే వెళ్లి అడగలేదు. 2009లో పోయింది. నువ్వు అడుగుతున్నావు, అది చాలా మంచిది అన్నా. ఉర్దూ కాగితం ఏదైనా దొరికితే ఫొటో పంపు, నేను చదివి పెడతాను.

పాత_పహాణీ

జహీరాబాద్ తమ్ముడూ, నీ మాట చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను చదివిన పాత పహాణీల్లో, అంటే ఊరి భూముల రికార్డుల్లో, ఒకే సర్వే నంబరు మీద ఒక ఏడాది ఒక పేరు, రెండేళ్ల తర్వాత ఇంకో పేరు. మధ్యలో ఏం జరిగిందో కాగితం చెప్పదు. 1954-55 కాస్రా పహాణీ తీసేనాటికి చాలా పేర్లు మారిపోయాయి.

రెండో_షిఫ్టు

న్యూజెర్సీ నుంచి రాస్తున్నా. తర్వాతి కాలానికి రెండు తేదీలు. మా అమ్మమ్మతో ఇవి బాగా పనిచేశాయి. ఒకటి స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం కూలిన రోజు, 1979 జూలై 11. అది నెత్తిన పడుతుందని తెలంగాణ ఊళ్లలో కోళ్లు, మేకలు కోసుకుని తిన్నారు, ఎలాగూ పోతాం కదా అని. ఆ ఏడు పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. రెండోది పట్టపగలు చీకటి పడ్డ సంపూర్ణ సూర్యగ్రహణం, 1980 ఫిబ్రవరి 16. దాన్ని చూడటానికి రంగాపూర్ అబ్జర్వేటరీకి ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు వచ్చారు. ఈ రెండూ అడిగితే పెద్దవాళ్లకు చుట్టూ ఉన్న సంవత్సరాలన్నీ గుర్తొస్తాయి. ఇంకోటి రెండు రూపాయల కిలో బియ్యం, 1983.

నల్లవాగు

రెండో_షిఫ్టు అన్నా, అడిగాను. స్కైలాబ్ అనగానే అవ్వ భుజాలు కదిలాయి! ఆ పొద్దు తాత బాకీ చేసి మరీ మేకపోతును కోయించాడట. "పడలే. బాకీ మాత్రం మిగిలె" అంది.

రెండు రూపాయల బియ్యం గురించి మాత్రం నవ్వలేదు. "అప్పటిసంది పిల్లల ముందట గిన్నె పెట్టేటప్పుడు చేయి వణుకలే" అంది. నేను రికార్డు ఆపేసి కాసేపు బయటికి వెళ్లాను.

ఇంకో సంగతి. నెహ్రూ తేదీ తేలాక చిన్నాయన లెక్క చూశాం. 1964 మేలో పాలు తాగే పిల్లాడంటే 1963లోనో, 64 మొదట్లోనో పుట్టి ఉండాలి. అవ్వను అడిగితే, దీపావళి ఎల్లినంక అంది. అంటే 1963 నవంబర్. బడిలో చేర్చిన రోజు సారు రాసుకున్నది 01-06-1960. పిల్లాడు పొడుగ్గా ఉన్నాడని వయసు పెంచి రాశారట. చిన్నాయనది ప్రభుత్వ ఉద్యోగం. 58 ఏళ్లు నిండాయని 2018 మేలో దిగిపోయాడు. అసలు తేదీ ఉంటే 58 నిండేది 2021 నవంబర్‌లో. ఆ మార్చిలోనే తెలంగాణలో పదవీ విరమణ వయసు 61కి పెంచారు. అంటే 2024 దాకా ఉద్యోగంలో ఉండేవాడు. ఆరేళ్లకు పైగా జీతం.

చిన్నాయనకు ఈ లెక్క చెప్పాలా వద్దా అని టెన్షన్ పడ్డాను. చెప్పాను. ఆయన తలుపు దగ్గర నిలబడి విని, "పోనీలేరా. అమ్మ నన్ను మోస్తూ రాళ్లు మోసిందని ఇన్నేళ్లకు తెలిసింది" అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియదట. అవ్వ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

చుక్కల_ముగ్గు

చంకలో పిల్లాడితో నెత్తిన తట్ట ఎలా మోసేదో అడిగారా?

నల్లవాగు

అడిగాను మేడమ్. కొందరు పిల్లలను కింద చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి, ముసలమ్మలకు అప్పజెప్పేవాళ్లట. చిన్నాయన చెట్టు కింద ఉండక ఏడిస్తే వీపుకు కట్టుకుని ఎక్కేది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద తట్ట, ఒక చేయి తట్టకు, ఒక చేయి కర్రకు. దిగేటప్పుడే భయమట, ఎక్కేటప్పుడు కాదు. ఖాళీ తట్టతో దిగుతుంటే కింద నది కనిపించేదట. కూలి చేతికి వచ్చేది కాదు. వారానికి తిండి ఖర్చు ఇచ్చేవాళ్లు. మిగతాది మేస్త్రీ పుస్తకంలో బాకీకి పోయేది. ఆ పుస్తకంలో ఏం రాశాడో తాతకూ అవ్వకూ చదవడం రాదు.

మెట్ల బావి సంగతి ఇంకా తేలలేదు. ఎవరికైనా తెలుసా?

మాచర్ల_మేనకోడలు

తమ్ముడూ! నిన్న రాత్రి అంట్లు తోముతుంటే ఒక్కసారిగా తట్టింది. అది బావి కాదు!

డ్యామ్ కడితే నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్లు అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు బయటపడ్డాయి. వాటితో పాటు నాలుగు వైపులా మెట్లున్న ఒక ప్రదర్శనశాల కూడా దొరికింది. మధ్యలో నలుచదరం ఖాళీ, చుట్టూ మెట్ల వరసలు. దాన్ని చూస్తే ఎవరైనా నీళ్లు లేని కోనేరు అనుకుంటారు. మా బడి నుంచి ఏటా విహారయాత్రకు తీసుకెళ్లేవాళ్లు. మధ్యలో నిలబడి మాట్లాడితే పై మెట్టు దాకా వినిపిస్తుంది.

మీ అవ్వ డ్యామ్ కంటే ముందు ఆ తవ్వకాల్లో మట్టి మోసిందనుకుంటా. అందుకే నీళ్లు పడలేదు.

చుక్కల_ముగ్గు

నాకు ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్లుగా ఇక్ష్వాకుల పాఠం చెబుతున్నాను. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు అని బోర్డు మీద రాస్తాను. పదిహేడు వందల ఏళ్ల నాటి ఆ మెట్ల మీది మట్టి ఎవరు ఎత్తారో ఒక్కసారి కూడా అనుకోలేదు.

నల్లవాగు గారూ, దీంతో ఇంకోటి తేలింది. తవ్వకాలు 1960తో ఆగాయి. అంటే అవ్వ అంతకు ముందే అక్కడికి చేరింది. అప్పటికి మీ నాన్న పుట్టాడా?

నల్లవాగు

లేదట. మట్టి పని నడుస్తుండగానే కడుపుతో ఉందట. నాన్న పుట్టాక బాలింతగా నెల రోజులు ఆగి, రాళ్ల పనిలోకి మారిందట. నాన్న సర్టిఫికెట్‌లో 1959 అని ఉంది, అది నిజమే అయ్యుండాలి. నాన్న ఇప్పుడు లేడు. ఉంటే ఈ చర్చ మొత్తం పక్కన కూర్చుని చదివించుకునేవాడు.

పాత_పహాణీ గారూ, మీరన్నట్టు అవ్వ పుట్టింటికి పోయాను. ఆమె తమ్ముడి కొడుకు అటక మీది రేకు పెట్టె దింపాడు. చిమ్మెటలు తిన్నంత తిన్నాయి. ఒక కాగితం మాత్రం ఉంది, ఉర్దూలో, నిజాం స్టాంపుతో. ఫొటో జహీరాబాద్ తమ్ముడికి పంపాను.

జహీరాబాద్_మనవడు

చదివాను అన్నా. షికస్తా రాత, అంటే గొలుసుకట్టు ఉర్దూ, కొంచెం కష్టమైంది. మా మసీదు దగ్గర ఉండే ఒక పెద్దాయన సాయం తీసుకున్నాను. చెలక అమ్మకం కాగితమే. రెండెకరాల చిల్లర. కారణం దగ్గర పాత బాకీ కింద అని రాసి ఉంది. అమ్మినవారి పేరు పక్కన వేలిముద్ర. తేదీ బహమన్ నెల, 1348 ఫసలీ.

పాత_పహాణీ

బహమన్ మూడో నెల. 1348కి 590 కలిపితే 1938. అంటే 1938 డిసెంబర్, 1939 జనవరి మధ్య. అవ్వ పుట్టింది ఆ ఏడాదే. పోలీస్ యాక్షన్ నాటికి తొమ్మిది నిండి పది. బర్లు కాసే వయసే. పెళ్లికి చార్మినార్ రూపాయి. తవ్వకాల నాటికి పందొమ్మిది, ఇరవై. నెహ్రూ పోయిన రోజుకు ఇరవై ఐదు. అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి. ఆధార్ ఆరేళ్లు తక్కువ చూపిస్తోంది. నీకు గుర్తుందో లేదో, ఫసలీకి కలపాల్సిన అంకె, సాగర్ నిండితే ఉండే అడుగులు రెండూ 590 బాబూ. అందుకు అర్థం ఏమీ లేదు, నాకు చూడగానే సంతోషమైంది, అంతే.

ఆమె వృద్ధాప్య పింఛను సంగతి ఏమైంది?

నల్లవాగు

ఓటరు కార్డులో వయసు తక్కువ పడటంతో చాలా ఏళ్లు ఆలస్యమైంది సార్. ఇప్పుడు వస్తోంది.

బాకీ కింద చెలక పోయిన ఏడు పుట్టి, పెళ్లయ్యాక ఇంకో బాకీ కింద సాగర్‌కు పోయింది అవ్వ. ఆ కాగితం చదివి వినిపించినప్పుడు వాళ్ల నాయన వేలిముద్ర ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద తన వేలు పెట్టి చూసుకుంది. "నాయనది పెద్ద వేలు" అంది.

తంగేడుపూలు

ఇది రాయి తమ్ముడూ. ఇది తప్పకుండా రాయి.

నల్లవాగు

పది రోజులుగా రాయలేదు, క్షమించండి. పోయిన ఆదివారం చిన్నాయన, నేను కలిసి అవ్వను కారులో సాగర్ తీసుకెళ్లాం. మాచర్ల అక్క కూడా వచ్చింది. అవ్వ కోసం జొన్నరొట్టె, గోంగూర పచ్చడి చేసుకొచ్చింది.

డ్యామ్ దగ్గర అవ్వ గేట్ల వైపు చూడలేదు. కింద రాతి గోడ వైపు చూసింది. పనివాళ్ల గుడిసెలు ఎక్కడుండేవో చెప్పమన్నాం. అటూ ఇటూ చూసి గుర్తుపట్టలేకపోయింది. "అంత మారిపోయింది" అంది. నాకు కొంచెం దిగులేసింది, ఇంత దూరం తెచ్చి అలసట మిగిల్చామే అని.

అక్కడి నుంచి అనుపు పోయాం. ప్రదర్శనశాల దగ్గర కారు ఆపి, చిన్నాయన చేయి పట్టుకుని నడిపించాడు. మెట్లు కనిపించగానే అవ్వ ఆగింది. చిన్నాయన చేయి వదిలింది. అంచు మీద మెల్లగా కూర్చుని, రాతిని అరచేత్తో తుడిచింది.

"గదే ఇది. ఈ మెట్లే" అంది. తర్వాత చుట్టూ చూసి తల అడ్డంగా ఊపింది. "కానీ ఇది ఈడ లేకుండె."

పక్కన బోర్డు మీద అదే రాసి ఉంది. లోయలో దొరికిన కట్టడాన్ని విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ కట్టారని. అవ్వకు చదవడం రాదు. మేం ఎవరమూ అప్పటికి ఆ మాట ఆమెతో అనలేదు.

"మరి ఎక్కడుండె అవ్వా?" అని అడిగాను.

చేయి ఎత్తి జలాశయం వైపు చూపించింది. "అగో, ఆ నీళ్ల కింద."